పిడికిలి దెబ్బ చెప్పిన మాట

ఆమధ్య ఒక ఉదయం పెడనలో గుడివాడ బస్సు ఎక్కాను. పక్క సీటులో కాలేజీ పిల్ల ఒకతె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు కొరుకుతోంది. ఏం పాఠమని అడిగాను.

"ఇంటర్‌పర్సనల్ కమ్యూనికేషన్ అండీ, మామ్మగారూ. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో నేర్పుతారు."

"దానికీ ఫీజు కట్టించుకుంటున్నారా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. నోరు విప్పకుండా మనసు తెలిపే సంగతి ఏదైనా ఈవేళ క్లాసులో లేచి చెప్పాలట. పోయినసారి తడబడితే అందరూ నవ్వారట. ఇప్పుడూ ఏమీ తోచడం లేదంది.

నేను మూడో తరగతితో బడి మానేసి కలంకారీ అద్దకం షెడ్డుకు వెళ్ళినదాన్ని. అక్కడ బట్ట మీద చెక్క అచ్చు పెట్టి పిడికిలితో కొడతారు. మా ఆయనా ఆ షెడ్డులోనే అచ్చు కొట్టేవాడు. ఆ సంగతే చెప్పాను.

"మా ఆయనకీ నాకూ మాటల్లేని రోజుల్లో ఆ దెబ్బే వినేదాన్నమ్మా. కోపముంటే ధన్‌మని ఒక్కటే. తగ్గితే మెల్లగా రెండు. రెండు వినబడ్డాకే టీ పెట్టేదాన్ని. ముందే పెడితే ఆయన ముట్టడు, పంచదార దండగ!"

ఈసారి నవ్వింది. గబగబా రాసుకుంది. "ఇది క్లాసులో చెప్పనాండీ?"

"తలెత్తి చెప్పు. పెడన మామ్మ చెప్పిందని కూడా చెప్పు."

కాలేజీ దగ్గర దిగింది. బస్సు కదలబోతుంటే నా కిటికీ కిందికి వచ్చి, రేకు మీద పిడికిలితో మెల్లగా రెండు కొట్టింది.

ఆయన పోయాక నాకోసం అలా రెండు కొట్టినవాళ్ళు లేరు. సంచి ఒళ్ళో పెట్టుకుని, గుడివాడ దాకా టీచరమ్మలా నిటారుగా కూర్చున్నాను.