బండి వెనక కూర్చున్న మనిషి

బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. ఎక్కువ చదివితే బుర్ర పాడవుతుందని అందరికీ చెప్పేవాణ్ణి. చదవకపోయినా పాడవుతుందని పందొమ్మిదివందల అరవైల చివర, మా పాప పోయిన ఏడు తెలిసింది.

జ్వరం ముదిరితే పాతపట్నం ఆసుపత్రికి బండి కట్టాను. చేరేసరికి ప్రాణం లేదు. ఆ మర్నాటి నుంచి నా బుర్రలో ఆ బండి ఆగితే ఒట్టు. దారిలో గెడ్డ, అదే వాగు, దాటుతుంటే చక్రం ఇసకలో దిగబడింది కదా, ఇంకో రేవున దాటి ఉంటే? ఎడ్లని ఇంకాస్త అదిలించి ఉంటే? పైకి ఊరందరినీ నవ్విస్తూనే ఉన్నాను. మా ఆవిడ నవ్వేది కాదు, నాతో మాట్లాడేదీ కాదు. నా వల్లే పోయిందనుకుంటోందని నాకు నమ్మకం.

నూర్పులొచ్చాయి. కళ్లంలో వరిపనల మీద ఎడ్లని జతగా గుండ్రంగా తిప్పుతున్నాను. గడ్డి దులుపుతున్న మా అక్క మొగుడు కేకేశాడు.

"ఒరే, లోపలెద్దు కళ్లు తేలేస్తన్నాది. పొద్దున్నించీ అక్కడే తిరుగుతన్నాది. బయటికి మార్సు."

"దానికక్కడే బాగున్నాదంట బావా. సెవిలో సెప్పినాది."

"దానికీ నీకూ ఒకటే రోగం. మార్సరా!"

మార్చాను. బయటికొచ్చిన ఎద్దు తలెత్తి నడిచింది. అది చూస్తుంటే తట్టింది. ఆ దారిని ఇన్నాళ్లూ నేను బండి తోలినచోటు నుంచే చూస్తున్నాను. ఎడ్ల వీపులు, ముందు దారి, అంతే. పాపని ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి ఏం చూసిందో ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం మా ఆవిడ అంబలి తెచ్చింది.

"ఆరోజు బండెనక కూకుని ఏటి సూసినావే?" అన్నాను.

ముంత కింద పెట్టింది. గడ్డిపరకొకటి తీసి చాలాసేపు చీల్చింది.

"గెడ్డకాడికి రాకముందే పోనాది మావా."

"మరి సెప్పనేదేటే?"

"నువ్వు దానికి కబుర్లు సెప్తన్నావు. పట్నంలో జిలేబీ కొంతానన్నావు, డాక్టరు ముక్కు వంకాయంత ఉంతాదన్నావు. దాన్ని నవ్వించాలని. ఆపమని ఎలాగ సెప్పను?"

ఆనాటి నుంచి నా బుర్రలో చక్రం ఇసకలో దిగబడలేదు. నిద్ర కూడా పట్టింది. కానీ గెడ్డ ఇవతలి నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా నా హాస్యమంతా ఆమె ఒక్కతే విన్నది, చల్లబడిన బిడ్డని ఒళ్లో పెట్టుకుని.

ఆ మధ్యాహ్నం పక్కకి జరిగి చోటిచ్చాను. కూర్చుంది. ఒకే ముంతలో ఇద్దరం అంబలి తాగాం.