నీళ్లంటే జంకే ఖాసింబీ టీచరమ్మ పడవెక్కిన రోజు

ఖాసింబీ టీచరమ్మ కన్నుమూశారు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నేను నర్సు డ్యూటీకి ఎక్కిన కాసేపటికి, మైలవరం నుంచి మా అమ్మ చెంచమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. నిలువునా నీరైపోయాను. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఎప్పుడూ సుడిగాలిలా తిరిగిన మనిషికి అంత నిశ్శబ్ద మరణమా!

జమ్మలమడుగు దూదేకుల ఇంట పుట్టి, మైలవరం బడికి పంతులమ్మగా వచ్చారామె. జలాశయం ఒడ్డున ఉండే మా యానాది బిడ్డలెవరూ బడికి రావడం లేదని తానే గుడిసెలకు వచ్చారు. అమ్మ భయపడి నన్ను వల వెనక దాచింది. టీచరమ్మ కోప్పడలేదు, వల అల్లడం నేర్పమని అమ్మ పక్కనే చతికిలబడ్డారు. ఆమెకు ఒక్క ముడీ కుదరలేదు, అమ్మకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని నేను బయటికొచ్చాను. మరునాడు ఆమె చెయ్యి పట్టుకొని బడికి పోయాను.

ఆమె పదవీ విరమణ చేసిన ఏడు మాకు పెద్ద కష్టం వచ్చింది. చేపల కాంట్రాక్టరు గడువు తీరినా ఒడ్డు వదల్లేదు. అతని మనుషులు మా వలలు గుంజుకొని, కూలికైతే పట్టండి, సొంతానికి వీల్లేదన్నారు. మావాళ్లు కాళ్లావేళ్లా పడటానికి సిద్ధమయ్యారు. టీచరమ్మ అడ్డుకున్నారు.

"అడుక్కునేది వేరే, అడిగేది వేరే. మనం అడగను పోతాండాం," అన్నారు.

ఆడవాళ్లందరినీ బస్సెక్కించి జమ్మలమడుగులో అధికారి ముందు నిలబెట్టారు. తాను మాత్రం నోరు విప్పలేదు. వణుకుతూనే అమ్మ మొత్తం చెప్పింది. ఎన్నో తిరుగుళ్ల తర్వాత మావాళ్లు సంఘంగా ఏర్పడి చేపలు పట్టుకునే హక్కు సాధించారు.

సొంత పడవ నీళ్లలోకి దిగిన రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వాడంతా ఒడ్డునే ఉంది. పలక డప్పులు మోగుతున్నాయి. మొదట టీచరమ్మే ఎక్కాలని మావాళ్లు పట్టుబట్టారు. చిన్నతనంలో పెన్నలో కొట్టుకుపోబోయి బతికిన ఆమెకు నీళ్లంటే ప్రాణభయం. అయినా కొంగు నడుముకు దోపి పడవెక్కారు.

"మునిగితే తీసేకి మీరుండారు గదా, ఈ నీళ్లు మీయేనమ్మా," అన్నారు.

పడవ ఊగినప్పుడల్లా కళ్లు మూసుకున్నారు. వలలో బొచ్చె చేపలు తళతళమని ఎగిరిపడగానే మాత్రం భయం మరచి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఒడ్డున కేరింతలు మిన్నంటాయి. అంతటి మహోత్సవం మా వాడ అంతకుముందు ఎరగదు.

ఆమె అంతిమయాత్రలో మా యానాది మగవాళ్లు దూరంగా నిలబడితే, ఆమె తమ్ముడు వచ్చి పిలిచి జనాజాకు భుజం పట్టమన్నాడు. వాళ్లు ఏడుస్తూ మోశారు.

తర్వాతి సోమవారం, మా వాడకు కరెంటు స్తంభాల కోసం ఆడవాళ్లు మళ్లీ జమ్మలమడుగు పోయారు. నేనూ వెంట వెళ్లాను. అధికారి మా వెనక్కి చూసి, టీచరమ్మ రాలేదేమని అడిగారు. అమ్మ ముందుకు జరిగింది.

"టీచరమ్మ చనిపోయింది సారూ. మాట్లాడేదానికి మేముండాం."

అధికారి లేచి నిలబడ్డారు. అమ్మ వచ్చిన పనంతా తడబడకుండా చెప్పింది. వరండాలోకి వచ్చాకే నా భుజం మీద వాలి ఏడ్చింది. తల్లీ ఖాసింబీ, మీ లోటు తీర్చగలవాళ్లు ఈ సీమలో లేరు. మీరు నోరిచ్చిన మనుషులం, మీకు చేతులెత్తి మొక్కుతున్నాం.