వరమనుకున్న వణుకు

2005 ఎండాకాలంలో ఒక శుక్రవారం. గల్ఫ్‌లో, డేరా అనే పేటలో మేముండే ఫ్లాట్ హాల్లో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మా ఆరాధనా, పిల్లల క్లాసూ ఆ రోజే. తప్పిపోయిన గొర్రె కథ. బిర్యానీ పొట్లం మీది ఫాయిల్‌తో గొర్రెను చేశాను. చెవులు పెడదామని నారింజ తొక్క ముక్క పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. ముక్క మళ్లీ మళ్లీ జారిపోయింది. చాప మీద కూర్చున్నదాన్నే, గుండె మాత్రం మేడ మెట్లెక్కినట్టు కొట్టుకుంటోంది.

"ఆంటీ, గొర్రెకి చలేస్తోందా?" అంది ముందు కూర్చున్న పాప. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటికి కొన్ని నెలలుగా నా చేతులు ఖాళీగా ఉండటం లేదు. కథ చెబుతూనే దొరికినదాంతో ఏదో ఒకటి చేసేదాన్ని. టీ కప్పు అంచు చింపితే కిరీటం, ఖర్జూరం గింజలు దారంతో కడితే ఒంటె. ముందు అనుకుని చేసినవి కావు. నోరు పసిబిడ్డగా నదిలో వదిలిన మోషే గురించి చెబుతుంటే చేతిలో బుట్ట తయారయ్యేది. "సిస్టర్ చేతులకు దేవుడు వరమిచ్చాడు" అని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పారు. నేను నమ్మాను. ఆడవాళ్లు తొడిగే నల్ల అబాయాల దుకాణంలో గుండీలు కుట్టే నాకు, నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది.

నిద్ర పట్టేది కాదు. ఎంత తిన్నా బరువు తగ్గుతోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మా పాస్టరమ్మగారు నా గడ్డం పట్టుకుని, "ఉపవాసముంటున్నావు కదా తల్లీ, కళ్లు చూడు ఎలా వెలుగుతున్నాయో" అన్నారు.

"ఉపవాసమా? రాత్రి నా చపాతీలు కూడా ఇదే తినేసిందండి" అన్నారు మా ఆయన. ఆయన కంపెనీ బస్సు డ్రైవరు.

దుకాణంలో సూదులు విరుగుతుంటే మాస్టర్ చూసి చూసి, "ఖలాస్ బెహన్, పెహలే డాక్టర్ కో దిఖావ్" అని, ఇక చాలు, ముందు డాక్టరుకు చూపించుకోమని పంపించేశాడు.

డాక్టరు మలయాళీ ఆవిడ. చేతులు చాపమని, వేళ్ల మీద తెల్లకాగితం పరిచింది. ఫ్యాను కింద పెట్టినట్టు అది అదిరింది. నీళ్లు మింగమని నా మెడ చూసింది. రిపోర్టులో టీఎస్‌హెచ్ దాదాపు లేదు, టీ3, టీ4 బాగా ఎక్కువ. "హైపర్‌థైరాయిడ్. గ్రేవ్స్ డిసీజ్. నీ రెస్ట్‌లెస్‌నెస్ అంతా దీనివల్లే. ఆ కళ్లు కూడా" అంది.

"మందు వేసుకుంటే చేతులు ఆగిపోతాయా, డాక్టర్?"

"ఆగాలనే కదా మందు?"

నా భయం ఆమెకు ఎలా చెప్పను? రోగం పోతే వరమూ పోతుందేమో. అసలు అది వరమే కాదేమో. దేవుడి పని అని సంఘం ముందు చూపించినదంతా గొంతులో ఒక గ్రంథి చేసిన పనా?

పాస్టరమ్మగారికి చెప్పాను. "అయితే ఆ వెలుగు..." అన్నారు.

"థైరాయిడ్ అండి."

ఆవిడ నా చేతులు తన చేతుల్లోకి తీసుకున్నారు. "సరేలే, ఆ గ్రంథిని చేసిందీ ఆయనే కదా. మాత్ర వేసుకో."

కార్బిమజోల్, ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. కొన్ని వారాలకు గుండె నెమ్మదించింది, నిద్ర పట్టింది, చేతులు ఒళ్లో ఊరుకున్నాయి. ఒక శుక్రవారం పిల్లల ముందు పేపరు కప్పు పట్టుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. కథ నోటితోనే ముగించాను. "ఇంతేనా ఆంటీ?" అన్నారు. వాళ్లు వెళ్లాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఇచ్చినదాన్ని ఎందుకు తీసుకున్నావని దేవుణ్ణి నిలదీశాను.

తర్వాత గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. ఏసీ పడలేదనుకున్నాం. మర్నాటికి గుటక దిగలేదు. ఎమర్జెన్సీలో డాక్టరు మాత్రల పేరు వినగానే, "కార్బిమజోలా? ఇప్పుడే ఆపెయ్. సీబీసీ తియ్యండి" అన్నాడు. ఆ మాత్రల వల్ల తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయాయని రక్తపరీక్షలో తేలింది. విడిగా గదిలో పెట్టారు. మా ఆయన మాస్కు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు.

మందు ఆపడంతో పాత అలజడి తిరిగొచ్చింది. దాంతోపాటు చేతులూ. మందు కప్పులు, ప్లాస్టర్ ముక్కలు, పెరుగు డబ్బాల మూతలు ఏవి దొరికితే వాటితో ఏదో ఒకటి చేస్తూ మంచం పక్క బల్ల నింపేశాను. వరం తిరిగొచ్చిందని లోపల సంబరం కూడా. పొద్దున్నే ఫిలిప్పీన్స్ నర్సు ఒకదాన్ని ఎత్తి చూపించి, "ఇదేంటి?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఇంకొకటి చూపించింది. అదీ తెలియలేదు. అన్నీ నలిపినవి, మెలిపెట్టినవి. దేనికీ ఒక రూపం లేదు.

రోగం నా చేతుల్ని కదిలించగలదు గాని, ఒంటెను చెయ్యలేదని అప్పుడు అర్థమైంది. అది రావాలంటే ఎదురుగా పిల్లలుండాలి, నోట్లో కథ ఉండాలి. మరి పేపరు కప్పు పట్టుకున్న రోజు ఎందుకు రాలేదు? ఆ రోజు నేను కథలో లేను. నా చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను. ఆ నర్సు చేత అడిగించింది దేవుడేనని నేనిప్పటికీ నమ్ముతాను.

కణాలు కోలుకున్నాక, గ్రంథిని అణచడానికి రేడియో అయోడిన్ ఇచ్చారు. దాని తర్వాత థైరాయిడ్ మరీ తగ్గిపోయి హైపో అయ్యాను. చలి, మత్తు, ఒళ్లంతా బరువు. థైరాక్సిన్ డోసు కుదిరేసరికి ఏడాది దాటింది.

ఇది 2008. రోజూ పరగడుపున ఒక మాత్ర. మొన్న మందిరం గుమ్మం దగ్గర కూర్చున్న కుంటివాడు లేచి నడిచిన కథ చెబుతుంటే, ప్లాస్టిక్ చెంచా విరిగి కాళ్లయింది, బ్రెడ్ ప్యాకెట్‌కు చుట్టే తీగ చేతులయింది. కథ అయ్యేసరికి ఆ ఒక్కడే తయారయ్యాడు. "తొందరగా లేపండి ఆంటీ" అని పిల్లలు ఒకటే గొడవ. నాకు మనసులో కుదురు ఇంకా పూర్తిగా రాలేదు. ఇది మాత్ర పనా, నీ పనా అని దేవుణ్ణి అడుగుతూనే ఉంటాను. ఆయన ఇంకా విసుక్కోలేదు.

కార్బిమజోల్ వాడుతున్నవాళ్లకు ఒక్క మాట. గొంతు నొప్పి, జ్వరం వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు వెళ్లి సీబీసీ చేయించుకోండి. ప్రార్థన మానమని కాదు. టాక్సీలో చేసుకోండి.