ఎండబెట్టిన చెక్కముక్కలు

అరవైల చివర్లో రాజాం దగ్గర అట్టలు చేసే చిన్న మిల్లులో నాకు ఉద్యోగం దొరికింది. చెక్కముక్కల్ని రెండు ఇనుప పళ్లేల మధ్య నలిపి గుజ్జు చేసే మరను నాకు అప్పగించారు. అంతకుముందు నేను పనిచేసింది పిండిమరలో. కారమైనా పసుపైనా ఎండితేనే నలుగుతాయి. అంతకు మించిన శాస్త్రం నాకు తెలీదు. అందుకని చెక్కముక్కల్ని గలగలమనేదాకా ఎండబెట్టించి మరీ వేయించాను.

మర మూలిగేది, మోటారు కాలిపోయేది. మేం నలపడం మొదలెడితే ఊళ్లో దీపాలు కునికిపాట్లు పడేవి, సినిమా హాల్లో పాట కాస్తా మూలుగయ్యేది. అంత కరెంటు తాగి మర ఇచ్చేదేమో అట్టకు పనికిరాని పొట్టు. మేనేజరుగారు నన్ను పిలిచి, "నెలాఖరులోగా కరెంటు వాడకం తగ్గాలి. లేకపోతే నువ్వు మళ్లీ పిండిమరకే" అన్నారు. నాకప్పటికి పెళ్లయి ఆర్నెల్లయినా కాలేదు.

ఇంటికెళితే మా ఆవిడ, మా మావ కూతురే, రోట్లో పాత కాగితాలు దంచుతోంది. వెదురు చేట సందులు పూడేలా పూయడానికి మెంతులు వేసి నానబెట్టిన కాగితాలవి. నాలుగు పోట్లకే వెన్నలా అయిపోతున్నాయి.

"అంత తొందరగా ఎలా నలిగాయే?"

"ఏటి బావా, మూడ్రోజులు నానినాయి కదా! ఎండు కాగితం దంచితే సేతులు పడిపోతాయి గానీ గుజ్జవుతాదేటి?"

మర్నాడే ముక్కల్ని తొట్టెలో పోయించి, వేణ్ణీళ్లతో నానబెట్టించాను. మోటారు గొణుగుడు తగ్గింది. గుజ్జు మెత్తగా, పీచు పీచుగా దిగింది. ఊరి దీపాలు కుదురుగా వెలిగాయి.

ఆ వారమే మేనేజరుగారు మా ఇంటికొచ్చి, "ఈ కిటుకు ఎక్కడ నేర్చావోయ్?" అని అడిగారు.

"పుస్తకంలో చదివానండి" అనేశాను. మంచినీళ్ల చెంబుతో మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

ఆయన వెళ్లాక చెంబు ఠపీమని కింద పెట్టి, "ఇయ్యాల కూడు ఆ పుస్తకాన్నే వండమను" అంది. నేను నవ్వబోయాను, ఆమె నవ్వలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు పిండిమర కళ్లముందు కదులుతున్నా మేనేజరుగారి దగ్గరికెళ్లి, "పుస్తకం లేదూ ఏం లేదండి, మా ఆవిడ చెప్పింది" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, "అయితే ఉద్యోగం ఆవిడకే ఇవ్వాలి కదయ్యా!" అన్నారు. నా ఉద్యోగం మాత్రం నాకే ఉంచారు.

ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. మా ఆవిడ రోలు కడుగుతూ తలెత్తి, "నానేటి, వద్దన్నానా?" అంది.

ఆమె వేళాకోళమాడలేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.