మొహం చూసి చెప్పే యాప్‌తో నా పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం అనుకునేరు, మొన్నమొన్నటి మాటే, పుదుచ్చేరిలో ఏ సందులోకి పోయినా ఎవరో ఒకరు ఏఐ కంపెనీ పెడుతూ కనబడేవాళ్ళు. బోర్డు మీద ఆ రెండక్షరాలు ఉంటే చాలు, కూర్చోడానికి కుర్చీ లేకపోయినా కంపెనీయే. మాదీ అట్లాంటిదే. కోసపాళయంలో ఒక టైలరు అంగడి మిద్దె మీద ఒకటే గది, రెండు ఫ్యాన్లు (తిరిగేది ఒకటే). మా ఓనరుకి నేను పెట్టుకున్న పేరు రాకెట్టన్న, ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా నేరుగా ఆకాశానికే పోయేది మరి. ఆయన నాకిచ్చిన పదవి చీఫ్ ఏఐ సైంటిస్ట్. నేను చదివింది బీకాం. చేసే పని ఏందంటే, అంగడంగడికీ పోయి మా యాప్ చూపించడం, సాయంత్రం అందరికీ టీ చెప్పడం.

ఆ యాప్ గొప్పతనం ఇదీ: అంగడికి వచ్చిన మనిషి మొహానికి ఫోను చూపిస్తే, ఆ మనిషి సరుకు కొంటాడో, ఊరికే బేరమాడి పోతాడో చెప్పేస్తుంది. (ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదు, అందుకని తియ్యటి ఆడగొంతు పెట్టాం. ‘తప్పకుండా కొంటారు’ అనో, ‘కొనరు’ అనో అంటుంది.) “కళ్ళలో ఆశ, పెదాల్లో తడబాటు, నుదుటి మీద గీత, అన్నీ లెక్కగడతాది” అనేవాడు రాకెట్టన్న. దానికి చదువు ఎట్లా చెప్పాడంటే, తన బావమరిది బట్టలంగడి గుమ్మంలో కెమెరా పెట్టి, కొని బయటికొచ్చేవాళ్ళ ఫోటోలు ఒక పక్క, కొనకుండా పోయేవాళ్ళ ఫోటోలు ఒక పక్క చూపించాడు. నేను అంతా నమ్మేశాను. మా అమ్మ ఇంకో మెట్టెక్కి, “మావాడు సైంటిస్టు” అని తెలిసినవాళ్ళందరికీ చెప్పేసింది.

ఆ సైంటిస్టు మాట పట్టుకునే నెల్లితోపు నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళకి బజార్లో స్టీలు పాత్రల అంగడి, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అమ్మాయే. పెళ్ళిచూపులకి మా అమ్మ, మా మేనమామ, నేను పోయాం. అమ్మాయి ఆకుపచ్చ చీరలో వచ్చి నా చేతికి కాఫీ ఇచ్చి, “చక్కెర సరిపోయిందా?” అని అడిగింది. ఇంకా నోట్లో పెట్టుకోకుండానే “సరిపోయింది” అన్నాను. ఆమె నవ్వింది. అంతే, నా పని అయిపోయింది. ఈమె వద్దంటే నాకింక పెళ్ళే వద్దని అక్కడే, ఆ కాఫీ గ్లాసు మీద ఒట్టు పెట్టుకున్నాను.

అమ్మాయి నాయన, నేను మనసులో అప్పుడే స్టీలు మామ అని పిలుచుకుంటున్నాయన, ఊరుకున్నాడా. “ఏంది తంబీ, సైంటిస్టంట గదా నువ్వు. యాడ, ఆ యాప్ ఏందో చూపించు. బాగుంటే మన అంగడికీ పెట్టుకుందాం” అన్నాడు. నేను పొంగిపోయి ఫోను తీసి, ఎదురుగా కూర్చున్న అమ్మాయికే పట్టాను. అది ఇల్లంతా వినబడేట్టు “కొనరు” అంది.

“అదేంది, పిల్లకి ఇష్టం లేదంటాందా?” అంది వాళ్ళ అవ్వ. “అట్లా కాదవ్వా, వెలుతురు చాల్లేదు” అంటూ కంగారులో ఫోను పక్కకి తిప్పాను. అది గోడ మీద చామంతి దండ వేసిన వాళ్ళ తాత పటాన్ని చూసి, “తప్పకుండా కొంటారు” అంది. అవ్వ ఆ పటాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. “ఉన్నన్నాళ్ళూ నాకొక జాకెట్టుగుడ్డ కొనియ్యలేదు ఆ మనిషి. ఇప్పుడు కొంటాడంట” అంది. స్టీలు మామ ఫోను లాక్కుని అందరి మీదా పట్టాడు. మా అమ్మ కొనదు. ఆయనా కొనడు. ఒళ్ళో తాంబూలం సంచీ పెట్టుకుని కునుకు తీస్తున్న మా మేనమామ మాత్రం తప్పకుండా కొంటాడు. “నిద్రపోయేవాని కళ్ళల్లో ఆశ యాడ కనబడింది తంబీ దీనికి?” అన్నాడు మామ. “అది లోపలి మనసును చూస్తుంది మామా” అన్నాను, రాకెట్టన్న నేర్పిన జవాబు. నాకే సిగ్గేసింది.

“ఇట్లియ్యి నాయనా” అని అమ్మాయి ఫోను తీసుకుని, పళ్ళెంలో ఉన్న అరటిపండ్లకు పట్టింది. “తప్పకుండా కొంటారు.” ఆమె నావైపు తిరిగింది. “మీరు దీనికి చూపించిన ఫోటోల్లో, కొన్నోళ్ళ చేతిలో ఏముండింది?” అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ బావమరిది అంగట్లో జేబురుమాలు కొన్నా పసుపుపచ్చ గుడ్డసంచీలో పెట్టి ఇస్తారు. మేనమామ ఒళ్ళో ఉన్నదీ పసుపు సంచీనే. మా యాప్ పుట్టినప్పట్నుంచీ ఎవరి మొహమూ చూడలేదు, పసుపు రంగు కనబడిందా లేదా అని చూస్తోంది, అంతే. “సంచీ” అన్నాను తల వంచుకుని. ఎట్లాగూ మునిగాను కదా అని, “నేను సైంటిస్టును కూడా కాదండీ, బీకాం” అన్నాను. “నేనూ బీకామే” అని ఫోను నా చేతికిచ్చి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇంక అయిపోయిందనుకున్నాం. మా అమ్మ కొంగు సర్దుకుని లేచింది, మేనమామను తట్టి లేపింది. నేను ఏడుపు ఆపుకుంటూ గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటున్నాను. “ఏమండీ” అని వినబడి తల ఎత్తితే, ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఖాళీ పసుపు సంచీ. “ఇప్పుడొకసారి పట్టండి, ఏమంటుందో చూద్దాం” అంది. పట్టాను. అదేమంటుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అయినా అందరూ చెవులొగ్గి విన్నారు.

“తప్పకుండా కొంటారు.”

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. రాకెట్టన్న అరియాంకుప్పంలో కొబ్బరిబోండాల ఏఐ పెట్టాడట (తట్టకుండానే లోపల లేతో ముదురో చెప్పేస్తుందట, నేను ఏమీ అడగలేదు). నేను మామ అంగట్లోనే ఉన్నాను, గల్లా ఇప్పటికీ ఆమెదే. మా పెళ్ళిలో పంచగా మిగిలిన పసుపు తాంబూలం సంచీలు, మా ఇద్దరి పేర్లూ అచ్చువేసినవి, వంటింట్లో మేకుకు వేలాడుతుంటాయి. ఆ యాప్ నా పాత ఫోనులో ఉంది, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. పోట్లాడుకుని ఆమె మూతి ముడుచుకున్న రోజు ఆ ఫోను తీసి ఆమె మొహానికి పడతాను. “కొనరు” అంటుంది. అప్పుడు మేకుకున్న సంచీ ఒకటి తీసి, ఆమె పక్కన పెట్టి, దూరంగా పోయి కూర్చుంటాను. మొహం చూసి మనసు కనుక్కోవడం ఆ యాప్‌కి రాలేదు, ఆ చీఫ్ సైంటిస్టుకీ ఇప్పటికీ రాలేదు. కాసేపటికి ఆమె ఆ సంచీ చేతిలోకి తీసుకుంటే మాత్రం, ఫోను అడగకుండానే నాకు తెలిసిపోతుంది.