నోటుబుక్కులో ఎద్దులు

చేతిలో నోటుబుక్కు, జేబులో పెన్ను ఉంటే సగం నాయకుణ్ణయిపోయినట్టే అనుకునే రోజులవి. కరీంనగర్‌లో మా వార్డు కార్పొరేటర్‌ను అందరం కాకా అనేవాళ్లం. కాకా రోజూ పొద్దున్నే గల్లీలు తిరిగేవాడు, వెనకాల నేను. జనం కష్టం చెప్పగానే ఆయన నావైపు తిరిగి "ఎక్కించుకో" అనేవాడు, నేను పెన్ను కదిపేవాణ్ణి. (కదిపేవాణ్ణి అనే అన్నాను, రాసేవాణ్ణి అనలేదు. మూడో ఇల్లు దాటేసరికి విసుగొచ్చి ఎద్దుల బొమ్మలు గీసేవాణ్ణి.)

ఒకరోజు గల్లీ చివరింటి పెద్దమ్మ మమ్మల్ని ఆపింది. గుమ్మం ముందు మురుగు పారే మోరీ మీది బండ విరిగిపోయిందట. పక్షవాతం వచ్చిన పెనిమిటిని ప్రతి ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకుపోయేదట, బండ విరిగినప్పటినుంచి ఆయన గడప దాటలేదట. నేను యథాప్రకారం పెన్ను కదిపాను.

"ఏం రాసినవో జర సదివి ఇనిపియ్యి కొడుకా, నాకు సదువు రాదు" అంది.

ఎద్దు తోకవైపు చూస్తూ గడగడా చదివాను: బండ పొడవు, వెడల్పు, మోరీ లోతు, ముసలాయన అవస్థ, చివర్లో 'అతి జరూరు' అని కూడా. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. కాకా నా భుజం తట్టాడు. ఇంత బాగా రాస్తానని నాకే తెలియదు.

నెల తర్వాత ఇంజనీరు వచ్చి వార్డు పనుల జాబితా అడిగాడు. కాకా బుక్కు కోసం చెయ్యి చాపాడు. "నా గీతలు నాకే అర్థమైతయి కాకా" అని బుక్కు గుండెకు హత్తుకుని, నోటికొచ్చిన పనులన్నీ అప్పజెప్పాను. అందులో సైకిలైనా సరే దిగి నడిపించుకుపోవలసిన ఒక సందుకు స్పీడ్ బ్రేకర్ కూడా ఉంది. పెద్దమ్మ బండ మాత్రం నాలుక మీదికి రాలేదు.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కాకా కొబ్బరికాయ కొడుతుంటే గుంపులోంచి పెద్దమ్మ నా దగ్గరికొచ్చింది. "మా బండ గూడ వస్తదిగా కొడుకా? ముసలాయన మంచంల నుంచే రోజూ నీ పేరు మీద ప్రార్థన చేస్తుండు" అంది.

అబద్ధాలాడటంలో నాకు మంచి పేరే ఉంది, ఆ రోజు మాత్రం దాన్ని పోగొట్టుకున్నాను. ఆమెను పక్కకు తీసుకుపోయి బుక్కు తెరిచి చూపించాను. చదువు రాకపోయినా ఎద్దు ఎద్దేనని తెలుస్తుంది కదా. చాలాసేపు పేజీలు తిప్పింది.

"మరి ఆయనకేం చెప్పాలె?" అంది మెల్లగా. "నీ కోసం ప్రార్థన చేసుడు బంద్ చెయ్యుమని చెప్పాల్నా?"

అప్పటికప్పుడే పోయి కాకాకు అంతా ఒప్పుకున్నాను. (ఆయన నన్నేమన్నాడో అచ్చులో పెట్టేది కాదు.) వారం లోపల బండ పడింది. ఆదివారం ముసలాయన నా భుజం మీద చెయ్యేసి, ఒక్కో అడుగు వేస్తూ మోరీ దాటాడు. దాటాక ఆగి ఊపిరి తీసుకుని, "నువ్వు రాసుకోకపోతే గీ బండ ఏడికెల్లి వచ్చేది బిడ్డా" అన్నాడు.

నేను పెద్దమ్మవైపు చూశాను. ఆమె మొగుడి చొక్కా గుండీ సరిచేస్తూ, "నడువు, పాటలు షురూ అయినయి" అంది.

ఆమె ఆయనకు చెప్పలేదు. ఇన్నేళ్లలో కోతలు కోయడం నేను మానలేదు గానీ, ఆ ఆదివారం గుర్తొస్తే నా నవ్వు సగంలోనే ఆగి, ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి.