అప్పన్న పలికాడు

పెట్టెలోంచి స్వెటర్ తీస్తే కలరా ఉండల వాసన వచ్చింది. కోరాపుట్‌లో చలి మొదలైందంటే నాకు ముందు ఆ వాసన, దాని వెనకే గేటు తాతయ్య గొంతు.

ఆయన మా కాలనీ గేటు దగ్గర కాపలా ఉండేవారు. యుద్ధం చేసి వచ్చిన మనిషని మాకు తెలిసింది, ఓ రిపబ్లిక్ డే నాడు మా బడిలో ఆయనకు శాలువా కప్పినప్పుడే. చేతులు మండేలా చప్పట్లు కొట్టాం. కాసేపటికి చూస్తే ఆయన కుర్చీ ఖాళీ. బూందీ పొట్లం ఇచ్చి రమ్మని టీచర్ నన్ను పంపింది.

వెతుక్కుంటూ బడి వెనక్కి వెళ్లాను. అక్కడి కొండని పొగమంచు మింగేసింది. ఆయన తనకు కప్పిన శాలువా తీసి చేతిమీద వేసుకుని, అటు తిరిగి పిలుస్తున్నారు.

“అప్పన్నా! ఒరే అప్పన్నా!”

ఎవరూ పలకలేదు. మా క్లాసులో బడికి రాని పిల్ల పేరు పిలిస్తే పక్కనున్న వాళ్లం పలికేసేవాళ్లం. తాతయ్యని చూస్తే పాపమనిపించి నేనే పలికాను.

“ప్రెజెంట్ సార్!”

ఆయన వెనక్కి తిరగలేదు.

“సలేస్తందేట్రా?” అన్నారు, చాలా మెల్లగా.

నా ఒంటిమీద కొత్త స్వెటర్ ఉంది. “లేదు సార్” అన్నాను.

“అయితే సరేలే” అని శాలువా కప్పుకున్నారు. తర్వాత ఇటు తిరిగి, “ఇక్కడేటి సేస్తన్నావమ్మీ?” అంటూ బూందీ అందుకున్నారు.

అప్పన్న ఆయనతోపాటు యుద్ధానికి వెళ్లి, అక్కడి మంచుకొండల్లోనే ఉండిపోయాడని పెద్దయ్యాక నాన్న చెప్పారు.

ఇప్పటికీ కిటికీ అవతల పొగమంచు దిగుతుంటే, నాకు చలి లేదని నిన్నెవరు చెప్పమన్నారని అప్పన్న అడుగుతున్నట్టే ఉంటుంది.